రెండు బ్యాటరీల వలయంలో −1 ఆంపియర్: కిర్కాఫ్ నియమాలపై ఒక సందేహం

ప్రశ్న: ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థి

అందరికీ నమస్కారం. ఒక బ్యాటరీ విద్యుచ్ఛాలక బలం (కరెంటు తీసుకోనప్పుడు దాని కొనల మధ్య ఉండే వోల్టేజి) 12 వోల్టులు, మరొక దానిది 6 వోల్టులు. రెండింటి అంతర్నిరోధమూ 2 ఓమ్‌లే. రెండింటి ధన ధ్రువాలను పై సంధి వద్ద, రుణ ధ్రువాలను కింది సంధి వద్ద కలిపి, ఆ రెండు సంధుల మధ్య 8 ఓమ్‌ల నిరోధాన్ని పెట్టారు. మూడు శాఖల్లోనూ విద్యుత్ ప్రవాహం ఎంతో కనుక్కోవాలి.

12 వోల్టుల బ్యాటరీ నుంచి ఐ₁, 6 వోల్టుల బ్యాటరీ నుంచి ఐ₂ పై సంధికి చేరుతున్నాయనీ, సంధి నియమం ప్రకారం (సంధిలోకి వచ్చే ప్రవాహమంతా బయటికి పోవాలి) నిరోధంలో కిందికి ఐ₁ + ఐ₂ ప్రవహిస్తోందనీ అనుకున్నాను. లూప్ నియమం ప్రకారం (మూసిన దారి, అంటే లూప్ చుట్టూ తిరిగి వస్తే వోల్టేజి మార్పుల మొత్తం సున్నా) నా సమీకరణాలు ఇవి:

12 − 2ఐ₁ − 8(ఐ₁ + ఐ₂) = 0
6 − 2ఐ₂ − 8(ఐ₁ + ఐ₂) = 0

వీటి నుంచి ఐ₁ = 2, ఐ₂ = −1 వచ్చాయి. నా స్నేహితుడు మొదటి సమీకరణాన్ని ఇలాగే రాసి, రెండోదానికి బదులు రెండు బ్యాటరీలూ ఉన్న లూప్‌ను తీసుకుని 12 − 2ఐ₁ − 2ఐ₂ − 6 = 0 అని రాశాడు. అతనికి ఐ₁ = −6, ఐ₂ = 9 వచ్చాయి. నియమాలు అవే అయినప్పుడు జవాబులు ఎందుకు వేరయ్యాయి? నాదే సరైనదైతే, ఒక బ్యాటరీ −1 ఆంపియర్ ఇవ్వడం అంటే ఏమిటి?

జవాబు: భౌతికశాస్త్ర అధ్యాపకురాలు

మీ జవాబు సరైనది. మీ స్నేహితుడు సరైన లూప్‌నే ఎంచుకున్నారు కానీ ఒక గుర్తు తప్పింది. ఆ లూప్‌లో 12 వోల్టుల బ్యాటరీ గుండా పైకి వెళ్లి, 6 వోల్టుల బ్యాటరీ గుండా కిందికి దిగుతాం. మీరిద్దరూ ఐ₂ బాణాన్ని పైకి గీశారు కనుక, దిగేటప్పుడు ఆ బాణానికి ఎదురుగా నడుస్తున్నాం. ప్రవాహానికి ఎదురుగా నిరోధాన్ని దాటితే పొటెన్షియల్ పెరుగుతుంది కాబట్టి అక్కడ −2ఐ₂ కాదు, +2ఐ₂ రాయాలి. అలా రాస్తే 12 − 2ఐ₁ + 2ఐ₂ − 6 = 0 అవుతుంది. మీ విలువలు ప్రతిక్షేపించి చూడండి: 12 − 4 − 2 − 6 = 0.

ఇక్కడ ఒక విషయం ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే పరీక్ష పత్రాల్లో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. బ్యాటరీ విద్యుచ్ఛాలక బలం గుర్తుకు ప్రవాహ దిశతో సంబంధం లేదు. మనం రుణ ధ్రువం నుంచి ధన ధ్రువానికి దాటితే ప్లస్, ధన ధ్రువం నుంచి రుణ ధ్రువానికి దాటితే మైనస్, అంతే. నిరోధం గుర్తు మాత్రం మనం నడిచే దిశ బాణంతో కలుస్తుందా, దానికి ఎదురవుతుందా అన్నదానిపై ఆధారపడుతుంది. ఈ రెంటినీ కలగలిపి, ప్రవాహం రుణాత్మకంగా వచ్చిందని బ్యాటరీ గుర్తును కూడా మార్చేసే విద్యార్థులు చాలామంది ఉంటారు. మొదట గీసిన బాణాలను లెక్క పూర్తయ్యేవరకు మార్చకండి.

మీ స్నేహితుడి జవాబు తప్పని తెలుసుకోవడానికి గుర్తులు వెతకాల్సిన అవసరం కూడా లేదు. ఆయన లెక్క ప్రకారం నిరోధంలో −6 + 9 = 3 ఆంపియర్లు ప్రవహించాలి, దాని కొనల మధ్య 24 వోల్టులు ఉండాలి. ధన ధ్రువాలు ఒకవైపు, రుణ ధ్రువాలు ఒకవైపు కలిపిన 12, 6 వోల్టుల బ్యాటరీలు 24 వోల్టులను ఇవ్వలేవు. మీ విలువలతో అయితే 12 వోల్టుల బ్యాటరీ కొనల మధ్య 12 − 4 = 8, నిరోధం కొనల మధ్య 1 × 8 = 8, 6 వోల్టుల బ్యాటరీ కొనల మధ్య 6 + 2 = 8 వోల్టులు వస్తాయి. మూడు శాఖలూ అవే రెండు సంధుల మధ్య ఉన్నాయి కనుక మూడింటికీ ఒకే విలువ రావడం తప్పనిసరి.

ఇక మైనస్ గుర్తు సంగతి. మీరు ఊహించిన దిశకు వ్యతిరేకంగా 1 ఆంపియర్ ప్రవహిస్తోందని దాని అర్థం. 6 వోల్టుల బ్యాటరీ కరెంటు ఇవ్వడం లేదు, తీసుకుంటోంది. శక్తి లెక్క కూడా దీన్ని బలపరుస్తుంది: 12 వోల్టుల బ్యాటరీ సెకనుకు 12 × 2 = 24 జౌళ్లు సరఫరా చేస్తుంది. అంతర్నిరోధాల్లో 8, 2 జౌళ్లు, బయటి నిరోధంలో 8 జౌళ్లు వేడిగా మారతాయి. మిగిలిన 6 జౌళ్లు రెండో బ్యాటరీలోకి వెళతాయి. లూప్ నియమం శక్తి నిత్యత్వమే, సంధి నియమం ఆవేశ నిత్యత్వమే అని పాఠంలో చదివే మాట ఇలాంటి లెక్కలో కళ్లకు కడుతుంది.

జవాబు: ఎలక్ట్రికల్ ఇంజినీరు

మేడమ్ గారి వివరణకు ఒక పద్ధతిని జోడిస్తాను. ఇంత చిన్న వలయానికి రెండు తెలియని రాశులు కూడా అక్కరలేదు. కింది సంధి పొటెన్షియల్‌ను సున్నాగా తీసుకుని, పై సంధి పొటెన్షియల్‌ను వి అనుకోండి. సంధి నియమం ప్రకారం

(12 − వి)/2 + (6 − వి)/2 = వి/8

దీన్ని సాధిస్తే వి = 8 వోల్టులు. పై సంధి 8 వోల్టుల వద్ద ఉన్నప్పుడు 6 వోల్టుల బ్యాటరీ దానిలోకి కరెంటును పంపలేదని చూడగానే అర్థమవుతుంది. శాఖలు ఎక్కువై సంధులు తక్కువగా ఉన్న చోట నేను ఈ దారినే ఇష్టపడతాను, ఎందుకంటే గుర్తులు తప్పే అవకాశం దీనిలో బాగా తక్కువ.

ఈ లెక్కకు నిజ జీవితంలో చోటుంది. 8 ఓమ్‌ల నిరోధాన్ని తీసేసినా కరెంటు ఆగదు. (12 − 6)/4 = 1.5 ఆంపియర్లు ఒక బ్యాటరీ నుంచి మరొకదానిలోకి పారుతూనే ఉంటాయి. ఇన్వర్టర్‌కు కొత్త బ్యాటరీని, పాతబడిన బ్యాటరీని సమాంతరంగా కలపవద్దని చెప్పేది ఇందుకే. లెడ్ యాసిడ్ బ్యాటరీల అంతర్నిరోధం చాలా తక్కువ కనుక, రెండింటి మధ్య 0.5 వోల్టు తేడా ఉండి దారి మొత్తం నిరోధం 0.05 ఓమ్ అయినా, 10 ఆంపియర్లు పనికిరాకుండా తిరుగుతాయి. రీచార్జ్ చేయకూడని డ్రై సెల్స్‌తో ఇలాంటి వలయాన్ని కట్టి చూడకండి. వాటిలోకి కరెంటును ఎదురు పంపితే వేడెక్కి కారిపోయే ప్రమాదం ఉంది.

ప్రశ్న వేసిన విద్యార్థి

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇంకో రెండు సందేహాలు. ఎన్ని లూపులకు సమీకరణాలు రాయాలో ముందే ఎలా తెలుస్తుంది? అసలు నిరోధాలను శ్రేణి, సమాంతర సూత్రాలతో కలిపేసి ఓమ్ నియమంతోనే ఈ లెక్క చేయలేమా?

జవాబు: భౌతికశాస్త్ర అధ్యాపకురాలు

సంధులు రెండు, శాఖలు మూడు. సంధుల సంఖ్యలో ఒకటి తగ్గించి అన్ని సంధి సమీకరణాలు రాయాలి, అంటే ఇక్కడ ఒకటి. మూడు శాఖలకు మూడు ప్రవాహాలు కావాలి కనుక మిగిలిన రెండూ లూప్ సమీకరణాలు. మీ మొదటి సమీకరణం నుంచి రెండోదాన్ని తీసివేస్తే మూడో లూప్ సమీకరణం దానంతటదే వస్తుంది, కాబట్టి అది కొత్తగా ఏమీ చెప్పదు. కానీ దాన్ని పారేయకండి, జవాబును సరిచూసుకోవడానికి అదే ఉత్తమ సాధనం. మీ స్నేహితుడి విలువలను ఆయన వాడని లూప్‌లో ప్రతిక్షేపిస్తే 6 − 18 − 24 = −36 వస్తుంది, సున్నా రాదు. తప్పు అక్కడే బయటపడుతుంది.

రెండో సందేహానికి వస్తే, ఈ మూడు నిరోధాల్లో ఏ రెండూ శ్రేణిలోనూ లేవు, సమాంతరంగానూ లేవు. ఒక్కో 2 ఓమ్‌ల నిరోధానికి ఒక్కో బ్యాటరీ అంటుకుని ఉంది. కాబట్టి ఉన్నదున్నట్టుగా నిరోధాలను కలపడం కుదరదు. ఓమ్ నియమం 1827లో వెలువడింది. దానిని ఇలాంటి అల్లిక వలయాలకు విస్తరించే రెండు నియమాలను గుస్తావ్ కిర్కాఫ్ 1845లో, కోనిగ్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉండగానే ప్రకటించాడు.

ఇప్పుడు మీకొక పని. 8 ఓమ్‌ల స్థానంలో నిరోధం ఎంత ఉంటే 6 వోల్టుల బ్యాటరీలో ప్రవాహం సున్నా అవుతుందో, అంతకంటే తగ్గిస్తే ఏమవుతుందో లెక్కకట్టి ఇక్కడ రాయండి.

ప్రశ్న వేసిన విద్యార్థి

ఇంజినీరు గారి పద్ధతిలో చేశాను. రెండో బ్యాటరీలో ప్రవాహం సున్నా కావాలంటే పై సంధి సరిగ్గా 6 వోల్టుల వద్ద ఉండాలి. అప్పుడు ఐ₁ = (12 − 6)/2 = 3 ఆంపియర్లు, అదంతా నిరోధంలోనే పోతుంది కనుక నిరోధం 6/3 = 2 ఓమ్‌లు. దాన్ని 1 ఓమ్‌కు తగ్గిస్తే వి = 4.5 వోల్టులు, ఐ₁ = 3.75, ఐ₂ = 0.75, నిరోధంలో 4.5 ఆంపియర్లు వచ్చాయి. ఈసారి ఐ₂ ధనాత్మకం, అంటే 6 వోల్టుల బ్యాటరీ కూడా కరెంటు ఇస్తోంది. నా స్నేహితుడు గుర్తు సరిచేసుకుని, రెండు బ్యాటరీల లూప్‌తో ఇదే లెక్క చేశాడు. 12 − 7.5 + 1.5 − 6 = 0, సరిపోయింది.