ఫ్లాట్ ఆయన పేరు మీద, ఈఎంఐలో సగం నాది. పెళ్లయ్యాక అగ్రిమెంట్ రాసుకుంటే చెల్లుతుందా?

బాల్కనీ_తులసి:
2019లో బాచుపల్లిలో ఫ్లాట్ కొన్నాం. అప్పుడు పాప కడుపులో ఉంది, నేను ఉద్యోగం మానేసి ఉన్నాను. జీతం స్లిప్పులు లేవు కాబట్టి లోన్ మావారొక్కరికే ఇచ్చారు, రిజిస్ట్రేషనూ ఆయన పేరు మీదే అయిపోయింది. డౌన్ పేమెంట్‌లో 18 లక్షలు నావి. నాన్న పసుపు కుంకుమ కింద ఇచ్చిన అరెకరం, తెనాలి దగ్గరిది, అమ్మిన డబ్బు. 2021లో మళ్లీ ఉద్యోగంలో చేరాను. అప్పటి నుంచి ప్రతి నెలా 3వ తేదీన 21,500 ఆయన ఖాతాకి పంపుతున్నాను.

ఇప్పుడు స్నేహితుడి వ్యాపారం లోన్‌కి ఈయన ష్యూరిటీ ఉంటానంటున్నారు. వద్దని గొడవ పెట్టుకోలేదు గానీ రాత్రిళ్లు నిద్ర లేదు. నా టెన్షన్ చూసి ఆయనే వంద రూపాయల స్టాంప్ పేపర్ తెచ్చి, "సగం నీదని రాయి, సంతకం పెట్టేస్తా" అన్నారు. పెన్సిల్‌తో "ఈ ఇంట్లో సగం" అని రాసి ఆగిపోయాను. తర్వాత ఏం రాయాలో తోచలేదు. పది రోజులుగా అది ఫ్రిజ్ మీద, గ్యాస్ పుస్తకం కిందే ఉంది. అత్తయ్యగారు చూసి "ఎవరికి బాకీ?" అని అడిగారు.

నోటరీ చేయిస్తే సరిపోతుందా?

గోదారోడు:
మొగుడూ పెళ్లాల మధ్య కాగితాలేంటండీ. నమ్మకం లేకపోతే ఎలా?

బాల్కనీ_తులసి:
మావారి మీద నమ్మకం ఉందండీ. ఆయన స్నేహితుడి మీద లేదు.

కూకట్‌పల్లి_వకీలు:
అమ్మా, ఆ కాగితం నోటరీ చేయించినా ఇల్లు సగం మీదవదు. నోటరీ చూసేది సంతకం ఎవరిదన్నదే. స్థిరాస్తిలో వంద రూపాయలు, ఆపైన విలువున్న హక్కు ఇలా చేతులు మారాలంటే రిజిస్టర్ చేయాల్సిందే, 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్. కాబట్టి మీవారు సగం వాటా మీ పేరున దాన సెటిల్‌మెంట్ రాసి రిజిస్టర్ చేయించాలి. ఇంట్లోవాళ్ల మధ్య కాబట్టి డ్యూటీ అమ్మకం కన్నా తక్కువే. ఒకసారి రాసిచ్చాక మనసు మారిందని ఆయన వెనక్కి తీసుకోలేరు, ఆ సంగతి ఆయనకీ చెప్పండి.

దస్తావేజులు లోనిచ్చిన బ్యాంకులో ఉంటాయి కదా, ముందు వాళ్ల ఎన్‌ఓసీ కావాలి. మిమ్మల్ని కో-అప్లికెంట్‌గా చేరమనొచ్చు. అలా చేరితే బాకీ కూడా మీ నెత్తికొస్తుంది, తెలిసే సంతకం పెట్టండి. పొలం డబ్బు, నెలనెలా పంపిన డబ్బు, అన్నిటికీ స్టేట్‌మెంట్లు ప్రింట్ తీసి దాచుకోండి.

ఇక తేదీ. ఇక్కడే చాలామంది బోల్తా పడేది. ష్యూరిటీ ఉన్నవాడి మీదికి, అప్పు తీసుకున్నవాణ్ణి పక్కనపెట్టి కూడా, బ్యాంకు నేరుగా రావచ్చు. ఆయన ష్యూరిటీ సంతకం పెట్టి, అప్పు మొండిపడ్డాక భార్య పేరున రాస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. బాకీ ఎగ్గొట్టడానికే రాశారని ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షన్ పట్టుకుని కోర్టుకెళ్తారు. మీ రిజిస్ట్రేషన్ ముందు, ఆయన ష్యూరిటీ తర్వాత. ఈ వరస తప్పొద్దు.

"విడిపోతే ఇంతిస్తాను, భరణం అడగను" లాంటి మాటలు అందులో రాయించకండి. భరణం వదులుకుంటున్నానని మీరు రాసిచ్చినా కోర్టు దానికి కట్టుబడనక్కర్లేదు.

ఇంకోటి, మీవారితో 1874 నాటి ఎండబ్ల్యూపీ చట్టం (వివాహిత స్త్రీల ఆస్తి చట్టం) కింద టర్మ్ పాలసీ తీయించండి. రేపు ఆయనకేమైనా అయితే ఆ డబ్బు అప్పులవాళ్లకి కాక మీకూ పాపకీ అందుతుంది. పాలసీ తీసుకునేటప్పుడే ఆ ఫారం నింపాలి, తర్వాత చేర్చడం కుదరదు.

యర్రా_నది_పక్కన:
మాది మెల్‌బోర్న్. ఇక్కడైతే పెళ్లయ్యాక రాసుకునే ఒప్పందానికి 1975 ఫ్యామిలీ లా చట్టంలో 90సి అని విడిగా సెక్షనే ఉంది. మేం రాసుకున్నాం. ఇద్దరికీ వేర్వేరు లాయర్లు, లాభనష్టాలు వివరించామని వాళ్ల సంతకాలు. మా ఆవిడ లాయర్ నాతో "హలో" కూడా అనలేదు! అయినా అదేం ఇనుప కవచం కాదు. పెళ్లికి కొద్ది రోజుల ముందు ఒకటి, పెళ్లయ్యాక ఒకటి రాయించుకున్న ఒక కోటీశ్వరుడి ఒప్పందాలు రెండూ ఇక్కడి హైకోర్టు 2017లో కొట్టేసింది. సంతకం పెట్టొద్దని ఆ అమ్మాయికి లాయర్ చెప్పినా, కాదనే పరిస్థితిలో ఆమె లేదని తేల్చింది. (ఇక్కడ హైకోర్టంటే మన సుప్రీంకోర్టు లెక్క.) అందుకే మీవారిని కూడా ఇంకో వకీలుకి చూపించుకోమనండి. రేపు ఎవరూ బలవంతం అనలేరు.

బాల్కనీ_తులసి:
వకీలుగారూ, చాలా థాంక్సండీ. నిన్న ఇద్దరం బ్యాంకుకి వెళ్లొచ్చాం. కో-అప్లికెంట్‌గా చేరితే ఎన్‌ఓసీ ఇస్తామన్నారు, నా మూడు నెలల స్లిప్పులు అడిగారు. ఈసారి ఉన్నాయి.

రాత్రి అత్తయ్యగారికి అంతా చెప్పాం. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మీ మామయ్య షాపు కోసం నా గాజులు తాకట్టు పెట్టినప్పుడు నాకెవరూ కాగితం రాయలేదు" అని, మావారి వైపు తిరిగి, "త్వరగా కానీయి" అన్నారు.

స్నేహితుడికి మాత్రం మావారు ఇంకా ఫోన్ చేయలేదు.