‘వాంటెడ్‌లీ’ తప్పా, మన ఇంగ్లీషా?

అడిగినవారు (సాఫ్ట్‌వేర్, హైదరాబాద్):
పాత ఫైల్ తీసేయకుండా కావాలనే ఉంచామని అమెరికా క్లయింట్‌కి మెయిల్ పెట్టాను. అందులో ‘వాంటెడ్‌లీ’ అని రాశాను. ఆ మాటకి అర్థమేంటని తిరిగి అడిగాడు. అసలది ఇంగ్లీషే కాదని మా లీడ్ అన్నారు. చిన్నప్పటి నుంచి స్కూల్లో, ఇంట్లో విన్న మాట. ఇంతమంది అంటుంటే తప్పెలా అవుతుంది?

ఇంగ్లీష్ టీచర్ (గుంటూరు):
తప్పేనండి. ‘వాంటెడ్’ అంటే ఎవరికో కావలసినది. పోలీసులు అతికించే వాంటెడ్ పోస్టర్ గుర్తుచేసుకోండి. చేసినవాడి మనసులో ఏముందో ఆ మాట చెప్పదు. ‘డెలిబరేట్‌లీ’, ‘ఆన్ పర్పస్’ ఉండగా ఇదెందుకు? పిల్లల పేపర్లలో కనిపిస్తే కొట్టేస్తాను.

అనువాదకురాలు (బెంగళూరు):
మాస్టారూ, కొట్టేసే ముందు అది ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. ‘కావాలని చేశాడు’లో ఉన్న ‘కావాలి’కి ఇంగ్లీషు ‘వాంట్’. తమిళంలో ‘వేణుమ్‌నే’, కన్నడలో ‘బేకంతలే’ అంటారు, అక్కడా మూలం ‘కావాలి’ అనే అర్థమున్న మాటే. పదం కట్టిన తీరూ వింతది కాదు, ‘రిపీటెడ్‌లీ’, ‘అడ్మిటెడ్‌లీ’ ఉన్నాయి కదా. అనుకున్న తేదీ కంటే ముందుకు జరపడానికి మనవాళ్లు వాడే ‘ప్రీపోన్’నీ తప్పన్నవాళ్లున్నారు. ఇప్పుడది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో ఉంది.

ఇంకో సంగతి. ‘కావాలనే నా ఫోన్ ఎత్తలేదు’ అన్నప్పుడు గొంతులో నిష్ఠూరం ఉంటుంది. ‘వాంటెడ్‌గా ఎత్తలేదు’ అన్నా అది వినిపిస్తుంది. ‘ఇంటెన్షనల్లీ’ అంటే నాకు వినిపించదు. మన మనసులో మాటని ఇంత సూటిగా మోసే పదాన్ని నేను వదులుకోను.

అయితే మెయిల్ దగ్గర మీ లీడ్ మాటే వినండి. చదివేవాడికి తెలియని పదం రాయకూడదు. పైగా అక్కడ నిష్ఠూరం అక్కర్లేదు, ‘ఇంటెన్షనల్లీ’ చాలు.

అడిగినవారు:
లీడ్ దాన్ని ‘పర్పస్‌ఫుల్లీ’ అని దిద్దారు. అది సరేనా?

ఇంగ్లీష్ టీచర్:
‘పర్పస్‌లీ’, ‘పర్పస్‌ఫుల్లీ’ రెండూ ఒకటే అన్నట్టు వాడేవాళ్లున్నారు కానీ నేను ఒప్పుకోను. ‘పర్పస్‌లీ’ అంటే కావాలని. ‘పర్పస్‌ఫుల్లీ’ అంటే ఒక లక్ష్యం పెట్టుకుని, పట్టుదలగా. పరీక్షకి అలా చదవవచ్చు, ఫైల్‌ని మాత్రం ‘పర్పస్‌లీ’ ఉంచారనే రాయాలి.

అమ్మా, నిష్ఠూరం సంగతి నిజమే, నేను ఆలోచించలేదు. పేపర్లో మాత్రం కొట్టేస్తూనే ఉంటాను. రేపు వాల్యుయేషన్‌లో ఎవరో మార్కు తీసేస్తే నష్టపోయేది ఆ పిల్లాడే.