చర్చ: భార్య సింగపూర్‌లో, భర్త విశాఖలో. ఇలా రాకపోకలతో నడిచేది కాపురమేనా?

గాజువాక అమ్మాయి:
నేను సింగపూర్‌లో ఎంప్లాయ్‌మెంట్ పాస్ (విదేశీయులకిచ్చే ఉద్యోగ అనుమతి) మీద సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. మా ఆయన గాజువాకలో ఉంటూ ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీలు చేస్తారు. సెలవులు కూడగట్టుకుని ఆయనే ఇక్కడికి వస్తారు. విశాఖ నుంచి నేరుగా విమానం ఉంది, నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం.

ఆయన ఉన్న రోజులంటే నాకు ప్రాణం. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి తలుపు దగ్గరే పోపు వాసన తగులుతుంది. శనివారం సెరంగూన్ రోడ్డులో పెరుమాళ్ కోవెలకి వెళ్తాం. ఆదివారం ఈస్ట్ కోస్ట్ పార్కులో నడుస్తుంటే, "సముద్రమేనా ఇది, అలలేవీ?" అని ఆర్కే బీచ్‌ని తలచుకుంటారు. ఆయన వెళ్లిపోయాక ఒకటి రెండు రోజులు ఇల్లు బోసిగా ఉంటుంది, తర్వాత నా పని నాది.

మాకు ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా చుట్టాలకే. "ఎన్నాళ్లిలా? ఎవరో ఒకళ్లు ఉద్యోగం మానెయ్యాలి కదా" అని కనిపించిన ప్రతి పెళ్లిలోనూ మా అత్తగారిని నిలదీస్తున్నారు. ఆవిడ ముఖం చిన్నబుచ్చుకుని ఇంటికొస్తున్నారట. మేం చేస్తున్నది తప్పా?

ఎంవీపీ కాలనీ బాబాయ్:
తప్పని అనను అమ్మా. సరిపోతుందని కూడా అనలేను. నువ్వు రాసినదాంట్లో పోపు ఉంది, కోవెల ఉంది, పార్కు ఉంది. ఇద్దరూ అలిగి మాట్లాడుకోని పూట లేదు. జ్వరమొస్తే ఎవరు కాఫీ పెట్టారో లేదు. కొన్నాళ్లకి వచ్చిన మనిషి చుట్టమైపోతాడు, ఇంట్లో ఉన్న మనిషి మర్యాదలు చేస్తుంది. దోహాలో చాలా ఏళ్లున్న మా తమ్ముడి విషయంలో ఇది కళ్లారా చూశాను. తిరిగొచ్చేసరికి ఇంట్లో నిర్ణయాలన్నీ మా మరదలు ఒక్కతే తీసుకోవడానికి అలవాటు పడిపోయింది. ఇద్దరూ మంచివాళ్లే. ఆ ఇంట్లో అతనికి చోటెక్కడో ఇద్దరికీ తెలియలేదు.

సింధియా అక్క:
బాబాయ్ గారూ, మీ తమ్ముడుగారు దోహా వెళ్తున్నప్పుడు "ఎవరో ఒకళ్లు ఉద్యోగం మానెయ్యాలి" అని ఆయన్ని అడిగినవాళ్లు ఉన్నారా? తూర్పు నౌకాదళం ప్రధాన కేంద్రం ఉన్న ఊరు మనది. మల్కాపురం, సింధియా వైపు నేవీ కుటుంబాలు, షిప్పు మీదకెళ్లే మగవాళ్ల ఇళ్లు ఎన్నో. మా ఆయన మర్చంట్ నేవీ. ఒక్కో కాంట్రాక్టు ఆరు నెలలు, ఒక్కోసారి తొమ్మిది. నన్ను "ఓపిక గల పిల్ల" అన్నారు, ఆయన్ని "కష్టజీవి" అన్నారు. అదే ఆడపిల్ల వెళ్లి సంపాదిస్తుంటే అది కాపురమేనా అని అడుగుతున్నారు. నాకు కోపం వస్తున్నది అందుకే.

అయితే ఒకటి ఒప్పుకుంటాను. ఆయన సైనాఫ్ అయి, అంటే కాంట్రాక్టు ముగిసి షిప్పు దిగి, ఇంటికొచ్చిన మొదటి వారం మాకు ఎప్పుడూ కష్టమే. పిల్లాడు ఏది కావాలన్నా నన్నే అడుగుతాడు, ఆయన చూస్తూ కూర్చుంటారు. అందుకని మొదటి వారం చుట్టాలెవరినీ రమ్మనం. బ్యాంకు పని, గ్యాసు బుకింగు, స్కూల్లో దింపడం ఆయనకి అప్పజెప్పేస్తాను. చెల్లీ, నువ్వు కూడా మీ ఆయన వచ్చినన్నాళ్లూ సెలవు పెట్టకు. ఆఫీసుకెళ్లి, అలిసిపోయి, చిరాగ్గా ఇంటికి రా. ఆ నిన్ను కూడా ఆయన చూడాలి.

మధురవాడ, పూర్వం సింగపూర్:
మానెయ్యమని సలహా ఇచ్చేవాళ్లు ముందు అక్కడి రూల్సు చూడాలి. నెలకి కనీసం 6,000 సింగపూర్ డాలర్ల స్థిర జీతం ఉన్న ఎంప్లాయ్‌మెంట్ పాస్ వాళ్లు భర్తకి డిపెండెంట్ పాస్, అంటే కుటుంబసభ్యుడిగా అక్కడ ఉండే అనుమతి, తీసుకోవచ్చు. కానీ 2021 మే 1 నుంచి ఆ పాస్ మీద ఉద్యోగం చేయాలంటే కంపెనీ అతని పేరున విడిగా వర్క్ పాస్ తీసుకోవాలి. అంతకుముందు అనుమతి పత్రం ఉంటే సరిపోయేది. ఫర్నేసు దగ్గర పని నేర్చుకున్న మనిషి ఇక్కడి పర్మనెంటు ఉద్యోగం వదులుకుని అక్కడ ఇంట్లో కూర్చోవాలి. అలా కూర్చున్న మగవాళ్లనీ, ఆడవాళ్లనీ నేను చూశాను. ఒకే ఇంట్లో ఉండి కూడా వాళ్లు సుఖంగా లేరు.

విజిట్ వీసా మీద ఎన్నాళ్లుండొచ్చో దిగినప్పుడు ఇమ్మిగ్రేషన్‌వాళ్లు నిర్ణయిస్తారు, మామూలుగా 30 రోజుల లోపే. విమానం దిగే ముందు మూడు రోజుల్లో నింపే అరైవల్ కార్డు ఉచితం. డబ్బులడిగే వెబ్‌సైటు అయితే అది అసలుది కాదు. షేరింగ్ గదిలో ఉంటే ఇంకో చిక్కు, చాలామంది ఓనర్లు రాత్రి అతిథులను ఒప్పుకోరు.

టైము సంగతి కూడా చెప్పాలి. సింగపూర్ రెండున్నర గంటలు ముందుంటుంది. ఆయన రాత్రి పదికి షిఫ్టు దిగితే మీకు పన్నెండున్నర. ఆ షిఫ్టు ఉన్న వారం ఫోన్ కోసం మేలుకోవద్దు. పొద్దున్నే మాట్లాడుకోండి.

రుషికొండ టెకీ:
ఆమే తిరిగి రావచ్చు కదా? 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో ఏఐ హబ్‌కి, అంటే పెద్ద డేటా సెంటర్‌కి, 15 బిలియన్ డాలర్లు పెడతామని ప్రకటించింది. ఊరు మారుతోంది.

మధురవాడ, పూర్వం సింగపూర్:
ప్రకటన వేరు తమ్ముడూ, ఆమె చేతికి ఆఫర్ లెటర్ రావడం వేరు. డేటా సెంటర్లో టెస్టింగ్ ఉద్యోగాలు ఎన్నుంటాయో చూసి మాట్లాడదాం. వస్తే నాకూ సంతోషమే.

ఎంవీపీ కాలనీ బాబాయ్:
సింధియా అమ్మాయి అన్నది నిజం. మగవాళ్లని మేం అడగలేదు, అడగాల్సింది. అందుకే ఈ అమ్మాయిని అడుగుతున్నాను. అత్తగారికో, మీ నాన్నకో ఒంట్లో బాగాలేకపోతే ఎవరు ఆగుతారు? పిల్లలు కావాలనుకుంటే ఎక్కడ? వీటికి ఒక తేదీ పెట్టుకోండి. తేదీ లేకపోతే ఏళ్లు వాటంతటవే జారిపోతాయి.

గాజువాక అమ్మాయి:
బాబాయ్ గారూ, పిల్లల మాట మేం ఇంకా తేల్చుకోలేదు. అది మీరు గుర్తుచేయడం మంచిదైంది, ఈసారి కూర్చుని మాట్లాడతాం. తేదీ మాత్రం పెట్టను. తేదీ పెట్టుకుంటే ఈ ఏళ్లన్నీ దాని కోసం ఎదురుచూడటమే అవుతుంది. నేను ఎదురుచూడటం లేదు. ఆయన షిఫ్టు దిగి చేసే ఫోను, నేను ఇక్కడ ఒంటరిగా వండుకునే అన్నం, ఆయన వచ్చే రోజులు అన్నీ కలిపి మా కాపురమే. మా అత్తగారిని ఈసారి ఆయనతో పాటు రమ్మన్నాను. నేను ఎలా బతుకుతున్నానో ఆవిడ కళ్లతో చూస్తే, పెళ్లిళ్లలో ఏం చెప్పాలో ఆవిడకే తెలుస్తుంది.

సింధియా అక్కా, వాళ్లు వచ్చేది మా సాఫ్ట్‌వేర్ రిలీజ్ వారంలో, ఆఫీసులో పని ఎక్కువుండే వారం. సెలవు పెట్టడం లేదు.

మధురవాడ అన్నా, షేరింగ్ మానేసి చిన్న ఫ్లాటు తీసుకుందామనుకుంటున్నాను. అగ్రిమెంటులో ఏం చూసుకోవాలి?

మధురవాడ, పూర్వం సింగపూర్:
మీవాళ్లు వచ్చి ఉండొచ్చని స్పష్టంగా రాయించు. డిప్లొమాటిక్ క్లాజ్ ఉందో లేదో చూడు. ఉద్యోగం పోయినా, దేశం మారాల్సొచ్చినా గడువుకి ముందే ఖాళీ చేయడానికి అదే ఆధారం. అది లేని అగ్రిమెంటు మీద సంతకం పెట్టకు.