డీ-మ్యాక్స్ ముందు చక్రం దగ్గర టక్కుమనే చప్పుడు: చెన్నైకి కొత్త, సలహా కావాలి

మాధవరం నుంచి, కొత్త సభ్యుడు:

అందరికీ నమస్కారం. నాయుడుపేట నుంచి వచ్చి రెండు నెలలైంది. పాల క్యాన్లు వేసే ఇసుజు డీ-మ్యాక్స్ పికప్ ఉంది, ఆంధ్రా నంబరు. రెడ్‌హిల్స్ రోడ్డులో గుంత దిగినప్పుడల్లా ఎడమ ముందు చక్రం దగ్గర టక్కుమంటోంది. మెకానిక్ బండిని ఎత్తి, చక్రం ఊపి చూసి, రెండు వైపులా చక్రాన్ని ఆర్మ్‌లకు కలిపే బంతి కీళ్లు, అంటే పైవీ కిందివీ నాలుగు బాల్ జాయింట్లూ పోయాయన్నాడు. తమిళం ఇంకా పట్టుబడలేదు, ఎదురు ప్రశ్న వేయలేకపోయాను. నిజంగా పోయాయో లేదో నేనే ఎలా చూసుకోవాలి? సామాను ఎక్కడ దొరుకుతుంది?

పెరంబూరు నుంచి:

తమ్ముడూ, ముందు నంబరు సంగతి చూసుకో. వేరే రాష్ట్రం బండి ఇక్కడ ముప్పై రోజులు దాటితే తమిళనాడు నంబరుకు మార్చాల్సిందే. సొంత ఊరి రవాణా కార్యాలయం నుంచి అభ్యంతరం లేదనే పత్రం తెచ్చుకో. ఆ పని కోసం నేను మూడుసార్లు నెల్లూరు వెళ్లాను. మూడోసారి వెళ్తే సంతకం పెట్టే అధికారి సెలవులో ఉన్నారు.

అంబత్తూరు నుంచి:

పెరంబూరు అన్నగారూ, ముప్పై రోజులు కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితేనే కొత్త నంబరు తీసుకోవాలి. అభ్యంతరం లేదనే పత్రానికి ఫారం 28. కొత్తగా వచ్చినవాళ్లను భయపెట్టకండి.

తమ్ముడూ, నీ ప్రశ్నకు వస్తాను. మీ మెకానిక్ జాకీ ఎక్కడ పెట్టాడో గుర్తుందా? ఛాసిస్ (బండి చట్రం) కింద పెట్టి ఎత్తి ఉంటే ఆ పరీక్షను నమ్మవద్దు. ఈ బండికి ముందువైపు స్ప్రింగు బరువంతా కింది ఆర్మ్ మీద, అంటే చక్రాన్ని ఛాసిస్‌కు పట్టి ఉంచే కింది కడ్డీ మీద పడుతుంది. ఛాసిస్ పట్టి ఎత్తితే ఆర్మ్ చివరిదాకా వేలాడిపోయి, ఆ బిగువులో ప్లే, అంటే జాయింట్‌లోని వదులు, దాక్కుంటుంది. జాకీని కింది ఆర్మ్ కిందనే, బాల్ జాయింట్‌కు వీలైనంత దగ్గరగా పెట్టి, చక్రం నేలకు రెండు వేళ్లు పైకి లేచేదాకా ఎత్తు. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టు, ఛాసిస్ కింద స్టాండు పెట్టు. టైరు కింద గడ్డపార దూర్చి మెల్లగా పైకి లేపు. ఆ సమయంలో ఇంకొకరు టార్చి వేసి జాయింట్‌ను చూస్తూ ఉండాలి. ఆర్మ్ కదలకుండా చక్రం ఒక్కటే పైకి లేస్తే కింది జాయింట్ అరిగినట్టే. తర్వాత టైరును పైనా కిందా పట్టి ఊపు. వదులుగా ఉంటే ఎవరినైనా బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపు. బ్రేకు తొక్కగానే వదులు పోతే అది చక్రం బేరింగ్‌ది. పక్కలకు ఊపితే కదులుతోందంటే స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ చూడాలి. జాయింట్‌కు తొడిగిన రబ్బరు బూటు వేలితో నొక్కి చూడు. చిరిగి, లోపలి నుంచి తుప్పు రంగు నీళ్లు వస్తే ఆ జాయింట్‌కు రోజులు దగ్గర పడ్డాయి. అది ఊడితే చక్రం బయటికి పడిపోతుంది, బండి రోడ్డు మీద కూలబడుతుంది. లోడుతో ఉన్నప్పుడు ఆలస్యం చేయకు.

వేళచ్చేరి నుంచి:

బూటు చిరగడం కంటే పెద్ద శత్రువు ఈ ఊరి వాన నీళ్లు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వస్తోందని తెలియగానే మా వీధిలో అందరూ బండ్లు ఫ్లైఓవర్ మీదికి తీసుకెళ్లారు. మా ఇంటి యజమాని మాత్రం గేటుకు తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని కూతురి ఇంటికి వెళ్లిపోయాడు. ఫోను తీయలేదు. నా పికప్ రెండు రోజులు ఇరుసు మునిగేంత నీళ్లలో నిలబడింది. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను, ఆ రెండు రాత్రులూ నిద్ర లేదు. తర్వాత మూడు నెలలకు స్టీరింగ్ తిప్పితే కిర్రుమనడం మొదలైంది. జాయింట్ విప్పితే లోపల గ్రీజు లేదు, ఎర్రమట్టి ముద్ద ఉంది. బంతి ఒకవైపు నున్నగా, పల్లంగా అరిగిపోయింది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పోర్టికోలో నూనె మరకలు ఉన్నాయని ఆ యజమానే పది నెలల అడ్వాన్సులోంచి డబ్బు కోసుకున్నాడు. తమ్ముడూ, గేటు తాళంచెవి ఒకటి నీ దగ్గర ఉండాలని ఒప్పందంలోనే రాయించుకో.

పోరూరు నుంచి:

పది నెలల అడ్వాన్సు చట్టవిరుద్ధం. మూడు నెలల అద్దెకు మించి తీసుకోకూడదు.

వేళచ్చేరి నుంచి:

వేరేగా ఒప్పందం లేకపోతేనే ఆ మూడు నెలల హద్దు. నేను సంతకం పెట్టాను, ఇంకేం చేయగలను?

పోరూరు నుంచి:

సరే. సామాను కొత్తదే కావాలంటే జనరల్ ప్యాటర్స్ రోడ్డుకు వెళ్లండి. ఛాసిస్ నంబరు చెప్పి, మీ మోడల్‌కు బాల్ జాయింట్ విడిగా వస్తుందా, ఆర్మ్‌తో కలిపి వస్తుందా అని ముందే అడగండి. పుదుపేటలో పాతవి తక్కువకు ఇస్తారు. డోర్లు, అద్దాలు కొనండి గానీ బాల్ జాయింట్ మాత్రం కొనవద్దు. మార్చేటప్పుడు రెండు వైపులా ఒకేసారి మార్చండి.

అంబత్తూరు నుంచి:

గట్టిగా ఉన్నదాన్ని ఎందుకు పీకాలి? పాలు అమ్ముకునే కుర్రవాడు. అరిగినది మార్చి, రెండోది నెలకోసారి చూసుకుంటే చాలు.

పోరూరు నుంచి:

రెండూ ఒకే రోడ్డు మీద, ఒకే బరువుతో తిరిగాయి అన్నగారూ. రెండోదానికీ త్వరలోనే కూలీ, చక్రాలు తిన్నగా సరిచేసే అలైన్‌మెంట్ ఖర్చు మళ్లీ పెట్టుకోవాలి.

అంబత్తూరు నుంచి:

ఆ మాట ఒప్పుకుంటాను, కానీ ముందు పరీక్ష, తర్వాతే ఖర్చు. తమ్ముడూ, విప్పేటప్పుడు ఒక్క జాగ్రత్త. కింది ఆర్మ్ కింద జాకీ ఆనించకుండా ఏ జాయింట్ నట్టూ పూర్తిగా తీయవద్దు. స్ప్రింగు విడుదలైతే ప్రాణం మీదికి వస్తుంది. నట్టు నాలుగు చుట్లు వదులు చేసి అలాగే ఉంచి, జాయింట్‌ను లాగి విడదీసే పుల్లర్‌తో విడదీయండి. బోల్టు కొనమీద సుత్తితో కొడితే మరలు పాడవుతాయి. పని అయ్యాక అలైన్‌మెంట్ తప్పనిసరి.

మాధవరం నుంచి, కొత్త సభ్యుడు:

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం మా బావమరిది టార్చి పట్టుకుంటే చూశాను. ఎడమ కింది జాయింట్ ఒక్కటే పోయింది. బూటు నొక్కితే అంబత్తూరు అన్నగారు చెప్పినట్టే తుప్పు నీళ్లు కారాయి. పైవి రెండూ గట్టిగా ఉన్నాయి. కుడి కింది బూటుకు సన్నని పగులు ఉంది, అందుకే పోరూరు గారి మాట విని కిందివి రెండూ మార్పించాను. నట్టు బిగించాక, అది ఊడకుండా అడ్డంగా దూర్చే స్ప్లిట్ పిన్ రంధ్రం కలవలేదు. మెకానిక్ నట్టు కాస్త వెనక్కి తిప్పబోయాడు. నేను చేయి అడ్డుపెట్టి, ముందుకు బిగించి తర్వాతి గాడికి కలపమని వచ్చీరాని తమిళంలో చెప్పాను. అలాగే చేశాడు. ఇప్పుడు రెడ్‌హిల్స్ గుంతల్లో చప్పుడు లేదు. మా ఇంటి ఒప్పందం వచ్చే నెల మళ్లీ రాసుకోవాలి, తాళంచెవి సంగతి అందులో రాయిస్తాను.