పిడుదు పట్టింది: లైమ్ వ్యాధి పరీక్ష ఇప్పుడే చేయించాలా?

ప్రశ్న (న్యూజెర్సీ నుంచి)

అందరికీ నమస్కారం. మేము హంటర్డన్ కౌంటీలో ఉంటున్నాము. పెరటి గడ్డి దాటితే అడవే. తెల్లవారుజామున జింకలు కంచెదాకా వస్తాయి. గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మగారు ఆ అంచునే గోంగూర, బచ్చలి మళ్లు వేసుకుని సాయంత్రం వేళ కలుపు తీస్తూ ఉంటారు. ఆమెకు 68 ఏళ్లు, మధుమేహం ఉంది. నిన్న రాత్రి ఆమె మోకాలి వెనుక గసగసాల గింజంత నల్లని చుక్క కనిపించింది. పుట్టుమచ్చ కాబోలనుకున్నాము గాని, ఫోన్ లైటు వేసి చూస్తే సన్నని కాళ్లు కదులుతున్నాయి. ట్వీజర్‌తో తీసి జిప్ కవరులో దాచాము. అంతకుముందు రాత్రి మోకాళ్లకు నూనె రాసినప్పుడు అక్కడ ఏమీ లేదు.

పిడుదు కాటు వల్ల వచ్చే లైమ్ అనే బ్యాక్టీరియా జబ్బుకు వెంటనే రక్తపరీక్ష చేయించాలా, ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ వాడాలా? మూడు వారాల్లో అమ్మగారు ఇండియాకు తిరిగి వెళుతున్నారు. జబ్బు అక్కడికి వెళ్లాక బయటపడితే ఎవరైనా గుర్తుపడతారా అన్నదే మా అసలు భయం.

సమాధానం 1 (కనెక్టికట్ నుంచి)

ఈ వ్యాధికి పేరు తెచ్చిన లైమ్ ఊరు ఉన్న రాష్ట్రంలోనే మేము చాలాకాలంగా ఉంటున్నాము కనుక, వేసవిలో పిడుదుల కోసం ఒళ్లు చూసుకోవడం మా ఇంట్లో పళ్లు తోముకోవడమంత అలవాటైపోయింది. మీరు తీసిన పద్ధతి సరైనదే. చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టుకుని, మెలి తిప్పకుండా నిదానంగా పైకి లాగి, ఆ చోటును సబ్బుతో కడగాలి. మన పెద్దవాళ్లు కిరోసిన్ పూయమనో, అగ్గిపుల్లతో చురక పెట్టమనో చెబుతారు. దయచేసి ఆ పని చేయవద్దు. పిడుదు వదిలేదాకా ఎదురుచూడటమంటే అది చర్మంలో ఉండే సమయాన్ని పెంచడమే.

అమ్మగారిని తోటపని మానమనవలసిన అవసరం లేదు. ప్యాంటు వేసుకుని, దాని అంచులు సాక్సులోకి దోపుకోమనండి. బట్టలకు, బూట్లకు మాత్రమే కొట్టే, పిడుదులను చంపే 0.5 శాతం పెర్మెత్రిన్ మందు స్ప్రే దొరుకుతుంది. లోపలికి రాగానే ఆ బట్టలను ఉతకకముందే డ్రయ్యర్‌లో ఎక్కువ వేడి మీద 10 నిమిషాలు తిప్పితే వాటి మీది పిడుదులు చస్తాయి. రెండు గంటలలోపు స్నానం చేసి చంకలు, గజ్జలు, మోకాలి వెనుక, చెవుల వెనుక, జుట్టు కుదుళ్లు చూసుకోవాలి. గడ్డికీ అడవికీ మధ్య మూడడుగుల వెడల్పున చెక్కపేళ్లు గాని కంకర గాని పరిస్తే ఇంటివైపు వచ్చే పిడుదులు తగ్గుతాయి.

సమాధానం 2 (పెన్సిల్వేనియాలో వైద్యుడిని)

ఇప్పుడు రక్తపరీక్ష చేయించడం వల్ల ప్రయోజనం లేదు. ఆ పరీక్ష వెతికేది క్రిమిని కాదు, దానికి ఎదురుగా శరీరం తయారుచేసే యాంటీబాడీలను. అవి తేలడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈ వారంలో నెగెటివ్ వచ్చిందని నిశ్చింతగా ఉండిపోవడమే అన్నింటికన్నా ప్రమాదకరం.

మీ ప్రశ్నలో నాకు ఎంతో విలువైనదిగా తోచింది నూనె రాసిన సంగతి. అంటే పిడుదు పట్టి సుమారు ఒక రోజుకు మించలేదు. లైమ్‌కు కారణమైన బొరీలియా బర్గ్‌డోర్ఫెరీ అనే బ్యాక్టీరియా పిడుదు పేగులో ఉంటుంది. పిడుదు రక్తం తాగడం మొదలుపెట్టాక గాని ఆ బ్యాక్టీరియా లాలాజల గ్రంథులకు చేరి మన ఒంట్లోకి రాదు. అందుకు సాధారణంగా 24 గంటలకు పైగానే పడుతుంది. పైగా గుడ్డు నుంచి వచ్చిన పిడుదులో ఈ క్రిమి ఉండదు. ఎక్కువగా తెల్లపాదాల ఎలుక రక్తం నుంచి దానికి అంటుకుంటుంది. కాబట్టి ప్రతి పిడుదూ జబ్బు మోయదు, మోసేదైనా ఒక రోజులోపు తీసివేస్తే ముప్పు చాలా తక్కువ.

లైమ్‌ను మోసే రకమైన నల్లకాళ్ల పిడుదు 36 గంటలు గాని అంతకుమించి గాని పట్టి ఉండి, రక్తం తాగి ఉబ్బి ఉంటే, తీసిన 72 గంటలలోపు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 200 మిల్లీగ్రాములు ఒకేసారి ఇస్తాము. మీరు చెప్పిన దానిని బట్టి ఆ అవసరం కనిపించడం లేదు. అయినా ఆ గడువు దాటకముందే కవరుతో సహా దగ్గరలోని వైద్యునికి చూపించండి, ఎందుకంటే అది ఉబ్బిందో లేదో కళ్లతో చూసి నిర్ణయించవలసిన విషయం. డాక్సీసైక్లిన్ ఇస్తే, కాల్షియం, ఐరన్ మాత్రలతో కలిపి వేసుకోకూడదు.

ప్రశ్న అడిగినవారు

చాలా ధన్యవాదాలు. రేపే చూపిస్తాము. ఇండియాలో ఏం చూసుకోవాలో కూడా ఎవరైనా చెప్పగలరా?

సమాధానం 3 (గుంటూరులో జనరల్ ఫిజీషియన్‌ను)

మీ భయం సహేతుకమైనదే. లక్షణాలు 3 నుంచి 30 రోజుల మధ్య ఎప్పుడైనా మొదలుకావచ్చు కాబట్టి, అందులో కొన్ని రోజులు అమ్మగారు ఇక్కడే ఉంటారు. ఇక్కడ జ్వరంతో వచ్చినవారికి ముందుగా డెంగీ, మలేరియా, టైఫాయిడ్ పరీక్షలు చేస్తాము. అమెరికాలో పిడుదు పట్టిందని చెప్పకపోతే లైమ్ మా తలపుకే రాదు. పిడుదు తీసిన తేదీ, కౌంటీ పేరు, ఎంతసేపు పట్టి ఉందన్న అంచనా, పిడుదు ఫొటో ఒక కాగితం మీద ఉంచి ఆమెకు ఇచ్చి పంపండి. డాక్సీసైక్లిన్ మాకు కొత్త మందు కాదు. చిన్న పురుగుల కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరానికి తరచుగా రాస్తూనే ఉంటాము.

ఇంకొక మాట చెప్పాలి. లైమ్ సోకినవారి చర్మం మీద వచ్చే మచ్చ అంటే పుస్తకాల్లో కనిపించే, వలయంతో ఎద్దుకన్ను ఆకారంలో ఉండే ఎర్రని మచ్చ కోసమే వెతకవద్దు. మచ్చ చాలామందిలో వలయం లేకుండా ఒకే రంగులో ఉంటుంది. మన చర్మపు ఛాయ మీద ఎరుపు తేలక, కమిలిన గాయంలా కనిపించవచ్చు. అది సాధారణంగా దురద పెట్టదు, నొప్పీ ఉండదు కనుక మోకాలి వెనుక ఉంటే ఆమెకు తెలియనే తెలియదు, ఇంకెవరైనా చూడాలి. మచ్చ రాకుండానే జ్వరం, ఒళ్లునొప్పులు, ముఖం ఒకవైపు వాలిపోవడం, గుండె దడ, కొన్ని నెలలకు మోకాలి వాపు వచ్చేవారూ ఉన్నారు. ఆ వాపును వయసు నొప్పులకింద కొట్టివేయకూడదు.

పిడుదు పట్టిన చోట మొదటి ఒకటి రెండు రోజుల్లో వచ్చే చిన్న ఎర్రదనం మామూలే, అది తగ్గిపోతుంది. ఆ తరువాత మచ్చ కనిపిస్తే దాని అంచు వెంట పెన్నుతో గీత గీసి ఫొటో తీయండి. రోజురోజుకూ గీత దాటి పెరుగుతూ 5 సెంటీమీటర్లకు మించితే, రక్తపరీక్ష ఫలితం కోసం ఆగకుండా చికిత్స మొదలుపెట్టవలసిన మచ్చ అది.