డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికితే జైలే వేయాలా? మీరేమంటారు?

ఓరుగల్లు పోరడు:
మా దోస్తు ఒకడు హన్మకొండలో బ్రీత్ అనలైజర్ ఊది దొరికిపోయాడు, కోర్టు రెండు రోజుల జైలు వేసింది. వాడిని నేను వెనకేసుకు రావట్లేదు, తాగి బండి నడపడం తప్పే. నా డౌటు వేరే. ఇట్ల రెండు రోజులు, మూడు రోజులు లోపల వేస్తే యాక్సిడెంట్లు నిజంగా తగ్గుతాయా, లేకపోతే "ఇంతమందికి జైలు" అని పేపర్లో రాసుకోవడానికేనా? తెలిసినవాళ్లు చెప్పండి, తిట్టేవాళ్లు తర్వాత తిట్టండి.

నైట్ డ్యూటీ సిస్టర్:
తమ్మీ, శనివారం రాత్రి ఒక్కసారి క్యాజువాలిటీకి వచ్చి నిలబడు, అప్పుడు ఈ డౌటు రాదు. తాగినోడు కుట్లు వేయించుకుని ఇంటికి పోతాడు, ఎదురుగా పిల్లలను తీసుకుని వస్తున్నోడు పోతాడు. రెండు రోజులేంది? మోటారు వాహనాల చట్టం 185 సెక్షన్‌లో మొదటిసారికే ఆరు నెలల దాకా వేయొచ్చని ఉంది. ఒక పదిమందికి వేసి చూడమనండి, ఊరంతా దారికొస్తుంది.

అదాలత్ జూనియర్:
అక్కా, మీ కోపం న్యాయమే, కానీ పదిమందికి ఆరు నెలలు వేస్తే ఊరు దారికొస్తుందన్న దగ్గరే లెక్క తప్పుతోంది. శిక్ష ఎంత పెద్దది అన్నదానికంటే దొరుకుతామా లేదా అన్నదే మనిషిని ఎక్కువ ఆపుతుందని నేరాల మీద పరిశోధన చేసేవాళ్లు చాలాకాలంగా చెబుతున్నారు. బార్‌లోంచి బయటికొచ్చేవాడు సెక్షన్ గుర్తు చేసుకోడు, "ఇయ్యాల చెకింగ్ ఏడుంది" అని అడుగుతాడు, అంతే.

దీని మీద మన దేశంలోనే మంచి ప్రయోగం జరిగింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో (2019లో నోబెల్ వచ్చినవాళ్లే), ఇంకొందరు కలిసి రాజస్థాన్ పోలీసులతో చేశారు. కొన్ని స్టేషన్ల పరిధిలో చెక్‌పోస్టు ఎప్పుడూ ఒకేచోట పెట్టారు, కొన్నింటిలో మూడు చోట్ల మధ్య మార్చుతూ పోయారు, కొన్నింటిలో మామూలుగానే వదిలేశారు. ఏ స్టేషన్‌కు ఏది అన్నది లాటరీలా తీశారు కాబట్టి పోల్చడానికి వీలైంది. మార్చుతూ పోయిన చోట రాత్రి ప్రమాదాలు 17 శాతం, రాత్రి మరణాలు 25 శాతం తగ్గాయి. ఒకేచోట పెట్టినదానితో చెప్పుకోదగ్గ ఫలితమే లేదు, తాగినవాళ్లు పక్కదారి పట్టారు. శిక్ష రెండుచోట్లా అదే చట్టం ప్రకారం, మారింది చెకింగ్ పద్ధతే.

కోట గుమ్మం:
ఇందుకు రాజస్థాన్ దాకా పోవాల్నా సార్. నక్కలగుట్టలో చెకింగ్ అని వాట్సాప్ గ్రూపులో పడితే చాలు, వడ్డేపల్లి గల్లీల్లోంచి కాజీపేట చేరేవాళ్లు మనకు తెలియదా. కానీ దొరికినంక ఏం చేయాలో చెప్పండి. ఉత్త ఫైన్ అయితే డబ్బున్నోడు జేబులోంచి తీసి పారేసి పోతాడు, ఆటో నడిపేటోడికి మాత్రం నెల సంపాదన పాయె.

అదాలత్ జూనియర్:
ఈ పాయింటు నేనూ ఒప్పుకుంటా, జైలే వద్దని నేను అనట్లేదు. అమెరికాలో సౌత్ డకోటా అనే రాష్ట్రంలో తాగి నడిపి దొరికినవాళ్లకు రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఊదుడు పరీక్ష పెడతారు. తాగినట్టు తేలితే అప్పటికప్పుడే ఒకటి రెండు రాత్రులు లోపల, వాయిదాలు లేవు. 2013లో వచ్చిన అధ్యయనం ప్రకారం ఆ పద్ధతి పెట్టిన కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) మళ్లీ మళ్లీ తాగి నడిపే కేసుల అరెస్టులు 12 శాతం, గృహహింస అరెస్టులు 9 శాతం తగ్గాయి. ఆ రెండోది చదివి నేను ఆగిపోయా, ఎందుకంటే మన కోర్టులో భార్యలు వచ్చి చెప్పేదీ అదే, తాగకపోతే మంచోడే అని.

అట్లని ఎగిరి గంతేయడానికీ లేదు. దాదాపు ఇదే ఆలోచనతో హవాయిలో డ్రగ్స్ కేసుల్లో ప్రొబేషన్ మీద, అంటే జైలుకు బదులు షరతులతో బయట ఉన్నవాళ్ల కోసం ఒక పద్ధతి పెట్టారు, అక్కడ బ్రహ్మాండంగా పనిచేసింది. అదే ఇంకో నాలుగు రాష్ట్రాల్లో పెట్టి చూస్తే మామూలు ప్రొబేషన్‌కూ దానికీ పెద్ద తేడా కనిపించలేదు.

పరకాల ఆటో:
మీరంతా చదువుకున్నోళ్లు, నేనొకటి అడుగుతా. వైన్ షాపు పక్కనే పర్మిట్ రూమ్ పెట్టి, అక్కడే కూర్చోబెట్టి తాగించి, బయట బండ్లు వరుసగా నిలబెట్టుకోనిచ్చి, వంద గజాల అవతల మిషన్ పట్టుకుని నిలబడితే అది ఏం న్యాయం? హైవే నుంచి 500 మీటర్ల లోపల మందు షాపులు వద్దని 2016లో సుప్రీంకోర్టే అన్నది, తర్వాత సడలింపులు ఇచ్చుకుంటా పోయింది. ఊర్లల్ల బెల్టు షాపుల సంగతి నేను చెప్పాల్సిన పని లేదు. రాత్రి పదింటికి పల్లెలకు బస్సులుండవు, ఆటో ఎక్కమంటే రేటు ఎక్కువంటారు.

నైట్ డ్యూటీ సిస్టర్:
పర్మిట్ రూమ్ మాట కరెక్టే అన్నా. అయితే తాగినోడు తాళంచెవి తిప్పడం మాత్రం షాపు తప్పు కాదు. జైలు లాభం లేదంటే కనీసం కాలేజీ పిల్లలను తీసుకుపోయి జైలు ఎట్లుంటదో చూపించండి, భయం పుడుతుంది.

అదాలత్ జూనియర్:
అది మాత్రం వద్దక్కా. అమెరికాలో దారి తప్పుతున్న పిల్లలను జైళ్లకు తీసుకెళ్లి ఖైదీలతో అరిపించి భయపెట్టే కార్యక్రమం 1970ల్లో పెద్ద ఫ్యాషన్ అయింది. తర్వాత అట్ల వెళ్లినవాళ్లనూ వెళ్లనివాళ్లనూ పోల్చి చూసిన ప్రయోగాలన్నీ కలిపి లెక్కేస్తే, వెళ్లినవాళ్లే ఎక్కువ నేరాలు చేశారు. చూడ్డానికి మంచిగా అనిపించేదంతా పనిచేయదు.

ఓరుగల్లు పోరడు:
అయితే నేను ఆర్టీఐ పెడతా. గడిచిన ఏడాదిలో చెకింగ్ ఏ తేదీన ఎక్కడ పెట్టారు, రాత్రి ప్రమాదాలు ఎక్కడ, ఏ టైముకు జరిగాయి, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మన దగ్గర స్థలాలు మారుస్తున్నారా లేదా తెలుస్తుంది కదా.

అదాలత్ జూనియర్:
పెట్టు తమ్మీ. డ్యూటీకి ఎవరిని పంపారో కూడా అడుగు. రాజస్థాన్‌లో స్టేషన్ సిబ్బంది కంటే పోలీస్ లైన్ల (రిజర్వ్ పోలీసులు ఉండే చోటు) నుంచి పంపిన టీములు చెకింగ్‌కు సరిగ్గా వెళ్లాయి, వాళ్ల బండ్లకు జీపీఎస్ పెట్టారు.

నైట్ డ్యూటీ సిస్టర్:
ఆర్టీఐ జవాబు వచ్చేలోపల ఒక పని చేయండి. మీ మీ గ్రూపుల్లో "అటు పోకండి, చెకింగ్ ఉంది" అని పెట్టేవాళ్లను తీసేయండి. అడ్మిన్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు.