సినిమాలు చూడటానికి టీవీ పిక్చర్ సెట్టింగులు ఎలా ఉండాలి?

ప్రశ్న:
ఇటీవల 55 అంగుళాల టీవీ కొన్నాను. ఏ పాత సినిమా పెట్టినా సీరియల్ లాగా అతి నున్నగా కదులుతోంది, ముఖాలు మైనం పూసినట్టున్నాయి. పోనీ అని 'సినిమా' మోడ్‌లోకి మారిస్తే, తెరంతా పసుపు నీళ్ళలో ముంచి తీసినట్టుందని ఇంట్లోవాళ్ళు రిమోట్ లాక్కుని మళ్ళీ రంగులు మెరిసిపోయే 'వివిడ్' మోడ్ పెట్టేస్తున్నారు. ఏది సరైనదో అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు 1:
ఆ పసుపు తప్పు కాదండీ. ఇళ్ళలో చూసే సినిమా ప్రతికి స్టూడియోలో రంగులు దిద్దేటప్పుడు సుమారు 6500 కెల్విన్ (వెలుగు రంగుకు కొలత) తెలుపును ప్రమాణంగా పెట్టుకుంటారు. షోరూములో పక్క టీవీని మించి మెరవడానికి పెట్టే 'కూల్' తెలుపు అంతకంటే బాగా నీలం వైపు ఉంటుంది కాబట్టి, దానికి అలవాటుపడ్డ కంటికి అసలు తెలుపు పచ్చగా తోస్తుంది. కలర్ టెంపరేచర్ సెట్టింగులో 'వార్మ్' పెట్టి వారం రోజులు ముట్టుకోకండి. ఆ తరువాత వివిడ్‌లోకి వెళ్తే, తెల్ల పంచె నీలిమందు ఎక్కువైనట్టు కనిపిస్తుంది.

నున్నదనం వేరే సంగతి. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములే ఉంటాయి. మధ్యలో లేనివాటిని టీవీ తానే కల్పించి చేరుస్తుంది. సోనీలో మోషన్‌ఫ్లో, ఎల్‌జీలో ట్రూమోషన్ అనే పేర్లతో ఉండేది అదే, ఆపేయండి.

జవాబు 2:
పూర్తిగా ఆపేయమనడంతో నేను ఏకీభవించను. ఓఎల్‌ఈడీ (ప్రతి చుక్కా తానే వెలిగే) తెరలపై కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగే దృశ్యాలు కుదుపుగా కనిపిస్తాయి కనుక, ఒకటి రెండు పాయింట్లు ఉంచుకుంటే నష్టం లేదు.

షార్ప్‌నెస్ మాత్రం తగ్గించండి. దాన్ని పెంచితే కొత్త వివరమేమీ రాదు, టైటిల్స్‌లో నల్లని అక్షరాల చుట్టూ తెల్లని గీత వస్తుంది. ఆ గీత కొన్ని టీవీలలో సున్నా దగ్గర, కొన్నింటిలో 50 దగ్గర పోతుంది కాబట్టి అంకెను కాక గీతను చూడండి. నలుపు సరిచేయడానికి, రాత్రి దృశ్యం ఒకటి ఆపి, గదిలో దీపాలార్పి, నల్లని జుట్టులో పాయలు విడివిడిగా తెలిసేవరకు 'బ్లాక్ లెవెల్' పెంచి, పైనా కిందా ఉన్న నల్లపట్టీలు బూడిదరంగుకు తిరిగేలోపే ఆగాలి. కొన్ని టీవీలలో దీనినే 'బ్రైట్‌నెస్' అంటారు. హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను మరింతగా చూపే) సినిమాలకు సెట్టింగులు విడిగా నిల్వ ఉంటాయి, అక్కడ కూడా ఒకసారి చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. షార్ప్‌నెస్ తగ్గించగానే ముఖాలపై మైనం సగం పోయింది. పగటిపూట కిటికీ వెలుతురులో సినిమా మోడ్ మసకగా ఉంటోంది కాబట్టి బ్యాక్‌లైట్ ఒక్కటే పెంచుతున్నాను. 'వార్మ్' పెట్టి నాలుగు రోజులైంది. రిమోట్ ప్రస్తుతానికి నా దగ్గరే ఉంది.